పోర్టల్‌లోకి వెళ్ళినవాళ్ళ బాకీ: 1994 నాటి స్పైడర్‌మ్యాన్ కార్టూన్ జ్ఞాపకాలు

ఏరోస్మిత్ గిటారిస్టు జో పెర్రీ వాయించిన ఆ టైటిల్ మ్యూజిక్, దాని మీద మరమనిషి గొంతుతో వచ్చే పాట, ఆ వెంటనే గతవారం కథ నాలుగు ముక్కల్లో. 1994 నవంబరు 19న ఫాక్స్ కిడ్స్‌లో మొదలై 1998 జనవరి 31న ముగిసిన 'స్పైడర్‌మ్యాన్: ది యానిమేటెడ్ సిరీస్' అనగానే అభిమానులకు ఈ మూడూ కలిసే గుర్తొస్తాయి. మూడోదాని విలువ అప్పట్లో చాలామందికి తెలియలేదు. అమెరికాలో ఆనాటి శనివారం ఉదయపు కార్టూన్లు చాలావరకు ఏ వారానికి ఆ వారం తెగిపోయే కథలు. ఎక్కణ్ణుంచి చూసినా ఇబ్బంది లేదు, మధ్యలో ఒకటి పోయినా నష్టం లేదు. ఈ సీరియల్‌లో ఒక వారం తప్పిపోతే స్పైడర్‌మ్యాన్ అయిన పీటర్ పార్కర్‌కు ఆరు చేతులు ఎందుకున్నాయో అర్థమయ్యేది కాదు.

మొత్తం 5 సీజన్లు, 65 ఎపిసోడ్లు. 65 అనే అంకెకు టీవీవాళ్ళ లెక్క ఒకటుంది. వారానికి ఐదు రోజుల చొప్పున రోజూ మళ్ళీ వేసుకుంటే సరిగ్గా 13 వారాలు వస్తుంది. ఆ లెక్కలో, ఒక్కో ఎపిసోడ్‌కు ఇరవై నిమిషాల పైచిలుకు నిడివిలో, నిర్మాత, కథల పర్యవేక్షకుడు జాన్ సెంపర్ బృందం పెద్ద సాహసమే చేసింది. రెండో సీజన్ మొత్తానికి 'నియోజెనిక్ నైట్‌మేర్' అని ఒకే పేరు పెట్టి, ప్రతి ఎపిసోడ్‌నూ ఒక అధ్యాయంగా లెక్కపెట్టింది. మూడో సీజన్‌ను 'సిన్స్ ఆఫ్ ది ఫాదర్స్' అంది, నాలుగోదాన్ని 'పార్ట్‌నర్స్ ఇన్ డేంజర్' అంది. గొంతులు కూడా తక్కువవా? 'డైలీ బ్యూగిల్' పత్రికాధిపతి జేమ్సన్‌కు ఎడ్ ఆస్నర్, నేరగాళ్ళ నాయకుడు కింగ్‌పిన్‌కు రాస్కో లీ బ్రౌన్, ముసుగు విలన్ హాబ్‌గాబ్లిన్‌కు మార్క్ హామిల్, వెనమ్‌గా మారే ఎడ్డీ బ్రాక్‌కు హ్యాంక్ అజారియా. పీటర్‌గా క్రిస్టఫర్ డేనియల్ బార్న్స్ గొంతులో ఎప్పుడూ వినబడే ఆ కొంచెం అలసట ఆ తరానికి స్పైడర్‌మ్యాన్ అసలు గొంతైపోయింది.

ఈ సీరియల్‌లో లోపాలేమిటని అడిగితే ఎవరైనా ముందు సెన్సారు సంగతే ఎత్తుతారు. నిజమే, ఛానల్ ఆంక్షలు గట్టిగానే ఉండేవి. తుపాకుల్లోంచి గుళ్ళకు బదులు లేజర్ కాంతులు వచ్చేవి. స్పైడర్‌మ్యాన్ ఎవరినైనా ముఖం మీద పిడిగుద్దు గుద్దడం అరుదు, ఎక్కువగా తోసేవాడు, గూడుతో కట్టేసేవాడు, తప్పించుకునేవాడు. రక్తం తాగాల్సిన మోర్బియస్ "ప్లాస్మా" అడిగేవాడు, అదీ కోరలతో కాదు, అరచేతుల్లోని చూషకాలతో. కార్నేజ్ మనుషుల్ని చంపకుండా వాళ్ళ ప్రాణశక్తిని పీల్చేవాడు. వీటిని తలచుకుని నవ్వుకోవడం ఒక సరదా. అయితే కథకు వీటి వల్ల జరిగిన నష్టం తక్కువ. అరచేతుల చూషకాలు చూడడానికి కోరలకంటే రోతగా ఉంటాయి, మోర్బియస్ ఎపిసోడ్లకు ఆ రోత మేలే చేసింది.

అసలు నష్టం ఇంకో దారిలో వచ్చింది. చావు చూపించకూడదు, కానీ కథ పెద్దది, ఎవరో ఒకరు పోవాలి. అందుకని రచయితలు పోర్టల్ పట్టుకున్నారు, అంటే వేరే లోకంలోకి తెరుచుకునే ద్వారం. పీటర్ ప్రేయసి మేరీ జేన్ పోర్టల్‌లో పడిపోతుంది. గ్రీన్ గాబ్లిన్ పోర్టల్‌లో చిక్కుకుంటాడు. వెనమ్, కార్నేజ్ ఇద్దరూ డోర్మామ్ము అనే మాంత్రిక విలన్ లోకంలోకి పోతారు. కెప్టెన్ అమెరికా, రెడ్ స్కల్ రెండో ప్రపంచ యుద్ధం నాటి నుంచి ఒక సుడిలో బందీలు. ఆఖరికి స్పైడర్-కార్నేజ్, అంటే కార్నేజ్ పట్టిన ఇంకో లోకపు స్పైడర్‌మ్యాన్ కూడా పోర్టల్‌లోకే దూకుతాడు. ఈ సీరియల్‌లో చావుకు పోర్టలే మారుపేరు. కానీ చావుకు, పోర్టల్‌కు ఒక పెద్ద తేడా ఉంది. చచ్చినవాడి కోసం ఏడ్చి కథ ముందుకు సాగుతుంది. పోర్టల్‌లో పోయినవాడు తిరిగొస్తాడని చూసేవాడికి మాట ఇచ్చినట్టే. అలా ఇచ్చిన మాటలు మూడో సీజన్ చివరికే కుప్పపడ్డాయి. తీర్చడానికి మిగిలినవి 24 ఎపిసోడ్లు.

ముందు వెనమ్ సంగతి, అంటే పీటర్‌ను వదిలిన గ్రహాంతర నల్ల దుస్తులు పట్టిన ఎడ్డీ బ్రాక్. మొదటి సీజన్ 13 ఎపిసోడ్లలో 8, 9, 10 'ది ఏలియన్ కాస్ట్యూమ్' మూడు భాగాలు. ఇప్పటికీ చాలామంది సీరియల్ మొత్తంలో వీటినే మొదట తలుచుకుంటారు, తలుచుకోవాలి కూడా. జాన్ జేమ్సన్ నడిపే అంతరిక్ష నౌక వంతెన మీద కూలడం, పీటర్ నిద్రలోంచి లేచి నల్ల దుస్తుల్లో తలకిందులుగా వేలాడుతూ అద్దంలో తనను చూసుకోవడం, గంట స్తంభం దగ్గర ఆ దుస్తులు ఒంటిని వదలలేక పెనుగులాడడం, అన్నీ బాగా కుదిరాయి. ఎడ్డీ బ్రాక్‌ను సీజన్ మొదటి ఎపిసోడ్లలోనే బ్యూగిల్ మనిషిగా తెచ్చి పెట్టారు కాబట్టి, వెనమ్‌గా మారేసరికి అతని కసి ఎక్కణ్ణుంచి వచ్చిందో చూసేవాడికి తెలుసు. విత్తనం ముందే వేశారు.

లోటు వచ్చింది నల్ల దుస్తుల కాలం దగ్గర. కామిక్స్‌లో నల్ల దుస్తులు 'అమేజింగ్ స్పైడర్‌మ్యాన్' 252వ సంచికలో, 1984 మేలో వచ్చాయి. వెనమ్ పూర్తిగా బయటపడింది 300వ సంచికలో, 1988లో. అంటే నాలుగేళ్ళు. టీవీలో ఆ దుస్తులు పీటర్ ఒంటి మీద ఉన్నది నిండా రెండు ఎపిసోడ్లు కూడా కాదు. అతను మొరటువాడైపోతున్నాడని మనకు చెప్పారు, ఒకటి రెండు సన్నివేశాల్లో చూపించారు. కానీ ఆ మొరటుతనానికి ఎవరు మూల్యం చెల్లించారు? ఎవరూ లేరు. తనను పెంచిన ఆంట్ మే మీద అరిచి మర్నాడు సారీ చెప్పే పాటి సమయం కూడా లేదు.

దీన్ని సరిచేయడానికి కొత్త ఎపిసోడ్లు అక్కర్లేదు. వాటి తరువాతవి, 11, 12, హాబ్‌గాబ్లిన్ రెండు భాగాలు. దుస్తులు 8లో అంటుకుని, హాబ్‌గాబ్లిన్‌తో పోరు అంతా నల్ల దుస్తుల్లోనే జరిగి, 13లో గంట స్తంభం వస్తే ఎలా ఉండేది? హాబ్‌గాబ్లిన్ కథలో తరువాత గ్రీన్ గాబ్లిన్ అయ్యే నార్మన్ ఆస్బోర్న్ ఉన్నాడు, కింగ్‌పిన్ ఉన్నాడు. కోపంతో ఊగే స్పైడర్‌మ్యాన్ వాళ్ళిద్దరి మధ్య పడితే ఆ కోపానికి ఒక ఫలితం దొరికేది. వెనమ్‌ను రెండో సీజన్ మొదటికి జరిపితే చాలు. ఒక ఇబ్బంది మాత్రం ఉంది. ఎపిసోడ్లు తయారైన వరుసలోనే ప్రసారమవుతాయన్న భరోసా ఆ రోజుల్లో ఉండేది కాదు. విదేశీ స్టూడియోల నుంచి ముందు పూర్తై వచ్చినది ముందు వేసేవాళ్ళు. మొదటి సీజన్ కథలను విడివిడిగా నిలబడేలా రాయడానికి అది ఒక కారణమై ఉంటే, ఆ జాగ్రత్తను తప్పుపట్టలేం.

తరువాత వెనమ్ మూడో సీజన్‌లో 'వెనమ్ రిటర్న్స్', 'కార్నేజ్' అనే రెండు ఎపిసోడ్లలో తిరిగొస్తాడు. మానసిక వైద్యురాలు డాక్టర్ ఆష్లీ కాఫ్కాను ప్రేమిస్తాడు, ఆమె కోసం తనను తాను బలిచేసుకుని కార్నేజ్‌తోపాటు పోర్టల్‌లోకి పోతాడు. ఎడ్డీ బ్రాక్ లాంటి కసి మనిషి ఆ స్థితికి రావడం చక్కటి మలుపు. కానీ బ్యారన్ మోర్డో, డోర్మామ్ము, ఐరన్ మ్యాన్, వార్ మెషీన్, కార్నేజ్‌గా మారే క్లీటస్ కసాడీ ఇంతమందిని రెండు ఎపిసోడ్లలో కుక్కేసరికి బ్రాక్, కాఫ్కా మాట్లాడుకోవడానికి చోటే మిగల్లేదు. ఐరన్ మ్యాన్ లేకపోయినా ఆ కథ నడిచేది. కాఫ్కా లేకపోతే నడవదు. ఎవరికి ఎక్కువ నిమిషాలు దక్కాయో చూస్తే అప్పటి అతిథి పాత్రల మోజు తెలుస్తుంది.

గాబ్లిన్ల విషయంలో ముందుది వెనక్కి, వెనకది ముందుకు వచ్చాయి. కామిక్స్‌లో గ్రీన్ గాబ్లిన్ 1964లో పుట్టాడు. హాబ్‌గాబ్లిన్ 1983లో అతను వదిలేసిన సామాను పట్టుకుని పైకొచ్చినవాడు, ముసుగు వెనక ఎవరన్నది పాఠకులను నాలుగేళ్ళు వేధించిన ప్రశ్న. టీవీలో హాబ్‌గాబ్లిన్ మొదటి సీజన్‌లోనే వచ్చాడు, గ్రీన్ గాబ్లిన్ మూడో సీజన్ దాకా రాలేదు. వరుస తిరగేయడం తప్పని అనను. నార్మన్ ఇచ్చిన ఆయుధాలు ఒక కిరాయి మనిషి చేతిలో ఉండడం, తరువాత నార్మన్ తానే ఆ రూపంలోకి జారిపోవడం కొత్త ఆలోచన. పోయింది రహస్యం. 40వ ఎపిసోడ్ 'గాబ్లిన్ వార్!'లో ముసుగు తీస్తే కనిపించేది పీటర్ స్నేహితురాలు ఫెలీషియాకు కాబోయే భర్త జేసన్. ఈ మనిషి మనకు పరిచయమై ఎన్నాళ్ళైంది? కొద్ది ఎపిసోడ్లే. మొదటి సీజన్‌లో ఫెలీషియా చుట్టూ ఉండే డబ్బున్నవాళ్ళ గుంపులో జేసన్‌ను రెండు నిమిషాలు నిలబెట్టి, రెండో సీజన్‌లో ఇంకోసారి తలుపు తెరిచి పలకరింపజేస్తే ఆ ముసుగు తీసిన క్షణం పదింతలు పేలేది. ఇలాంటి పనికి పైసా ఖర్చు లేదు, కావలసింది ముందుచూపు.

నార్మన్ కొడుకు హ్యారీ సంగతి ఇంకా బాధ. నాలుగో సీజన్‌లో, పోర్టల్ అవతలి నుంచి తండ్రి గొంతు వినబడి అతను రెండో గ్రీన్ గాబ్లిన్ అవుతాడు. పీటర్ రహస్యం తెలిసిన స్నేహితుడు, ఒకే గదిలో ఉన్నవాడు. ఐదో సీజన్ మొదటి ఎపిసోడ్ 'ది వెడ్డింగ్'లో పెళ్ళి మండపం మీద దాడి చేస్తాడు. లిజ్ అలెన్ తన ప్రేమ చెప్పి అతన్ని ఆపుతుంది. అక్కడితో హ్యారీ కథ ముందుకు కదలదు. కామిక్స్‌లో హ్యారీ మరణం 'స్పెక్టాక్యులర్ స్పైడర్‌మ్యాన్' 200వ సంచికలో, 1993లో, అంటే సీరియల్ మొదలయ్యే ముందు ఏడాదే వచ్చింది. చావు చూపించలేరు, సరే. రేవెన్‌క్రాఫ్ట్ మానసిక ఆస్పత్రి గదిలో అద్దానికి ఇవతల పీటర్, అవతల హ్యారీ, నార్మన్ గొంతు ఇంకా వినబడుతోందా అని ఒక్క ప్రశ్న, ఇది చూపించడానికి ఏ సెన్సారూ అడ్డు రాదు. మూడు నిమిషాలు చాలు.

ఇక మేరీ జేన్. ఈ పోస్టు అసలు ఆమె కోసమే.

41వ ఎపిసోడ్ 'టర్నింగ్ పాయింట్'. కామిక్స్ చదివినవాళ్ళు వంతెన కనబడగానే బిగుసుకుపోయారు. 1973లో 'అమేజింగ్ స్పైడర్‌మ్యాన్' 121వ సంచికలో పీటర్ ప్రేయసి గ్వెన్ స్టేసీ వంతెన మీద నుంచి పడి చనిపోయిన సన్నివేశం అది. ఇక్కడ గ్వెన్ స్థానంలో మేరీ జేన్ ఉంది, కింద నీళ్ళకు బదులు పోర్టల్ ఉంది. ఆ పోర్టల్ యంత్రం ఊరికే ఊడిపడలేదు. 39లో 'ది స్పాట్' కథగా పుట్టి, 40లో ఇద్దరు గాబ్లిన్ల మధ్య కొట్లాటకు కారణమై, 41లో ఆమెను మింగేసింది. మూడు వారాల్లో ఒక వస్తువును ఇంత శుభ్రంగా నడిపించిన కార్టూన్లు అప్పట్లో తక్కువ. ఆ ఎపిసోడ్ చివర పీటర్ నిస్సహాయత సెన్సారు ఉన్న సీరియల్ చేయగలిగిన దానికంటే ఒక మెట్టు పైనే ఉంది.

నాలుగో సీజన్ సగం దాటాక మేరీ జేన్ తిరిగొస్తుంది. ఏం జరిగిందో ఆమెకు గుర్తుండదు. 53లో పెళ్ళి. 59, 60 'ది రిటర్న్ ఆఫ్ హైడ్రోమ్యాన్' రెండు భాగాల్లో తెలిసేదేమంటే, ఈమె శాస్త్రవేత్త మైల్స్ వారెన్ తయారుచేసిన క్లోన్, అంటే నకలు మనిషి. నీరుగా మారగల విలన్ హైడ్రోమ్యాన్ లక్షణాలు ఆమె ఒంట్లో ఉన్నాయి, శరీరం నిలవడం లేదు. కరిగి ఆవిరై పోతుంది. అసలు మేరీ జేన్ ఇంకా ఆ శూన్యంలోనే ఉంది.

దీని పునాది ఎక్కడుందో చూడండి. ఇసుకగా మారే విలన్ శాండ్‌మ్యాన్‌ను అప్పట్లో జేమ్స్ కామెరాన్ తీయాలనుకున్న సినిమా కోసం పక్కన పెట్టారని అభిమానులందరికీ తెలిసిన మాటే. అతనికి బదులు రెండో సీజన్‌లో, 16వ ఎపిసోడ్‌లో, హైడ్రోమ్యాన్‌ను తెచ్చారు. కామిక్స్‌లో ఓడ మీద పనిచేసే మామూలు మనిషి మోరీ బెంచ్. ఇక్కడ అతన్ని మేరీ జేన్‌ను వదలకుండా వెంటాడే పాత ప్రియుడిగా మార్చారు. దొరకని విలన్‌కు బదులు వచ్చినవాడు మేరీ జేన్ బతుకులో ముడిపడిపోయాడు. నలభై మూడు ఎపిసోడ్ల తరువాత అదే ముడి ఆమె ప్రాణం తీసింది. కథ అల్లిక తెలిసినవాడు దీనికి నమస్కారం పెట్టాల్సిందే.

మరి తప్పిందెక్కడ? 53కూ 59కీ మధ్యలో. ఆ ఐదు ఎపిసోడ్లూ 'సిక్స్ ఫర్‌గాటెన్ వారియర్స్'. రెండో ప్రపంచ యుద్ధం నాటి వీరులు, రెడ్ స్కల్, అతని దాచిన ఆయుధం, పీటర్ తల్లిదండ్రుల మీద పడిన దేశద్రోహం మచ్చ, మళ్ళీ ఆరుగురు విలన్ల జట్టు ఇన్సిడియస్ సిక్స్. చెడ్డ కథ కాదు, గూఢచారి సినిమాలా బాగానే పరుగెత్తుతుంది. కానీ నిన్ననే పెళ్ళైన మనిషి ఈ ఐదు వారాలూ ఇంటికి దూరంగానే ఉంటాడు. పెళ్ళికి ఒక ఎపిసోడ్, కాపురానికి సున్నా, కాపురం కూలడానికి రెండు. ఆవిరైపోయేది ఎవరో మనకు తెలిసేలోపే ఆవిరైపోయింది.

ఆ ఐదింటిని మూడుకు కుదించవచ్చు. ఇన్సిడియస్ సిక్స్‌ను తీసేస్తే ఒక ఎపిసోడ్ మిగులుతుంది, వాళ్ళు రెండో సీజన్ మొదట్లోనే వచ్చి వెళ్ళారు. పాత వీరులను ఒక్కొక్కరినీ వెతికి పట్టుకునే భాగాన్ని ఒకే గుక్కలో నడిపిస్తే రెండోది మిగులుతుంది. ఆ రెండూ మేరీ జేన్‌కు ఇవ్వాలి. మొదటిదాంట్లో మామూలు కాపురం: అద్దె, అతను రాత్రుళ్ళు ఇంట్లో లేకపోవడం, ఆమె నటనా ప్రయత్నాలు. మధ్యలో ఒకటి రెండు చిన్న సంగతులు, ఆమెకు కోపం వచ్చినప్పుడు గ్లాసులో నీళ్ళు కదలడం లాంటివి, ఎవరూ పట్టించుకోకుండా. రెండోదాంట్లో ఆమెకు తన సంగతి పీటర్ కంటే ముందే తెలియాలి. తెలిసి దాచాలి.

సీరియల్ చేజార్చుకున్న వాటిల్లో అతి పెద్దది ఇదే. నలభై ఎపిసోడ్లు పీటర్ ఆమె దగ్గర రహస్యం దాచాడు. ఫోన్ పెట్టేశాడు, సినిమాకు రాలేదు, సాకులు చెప్పాడు. ఇప్పుడు ఆమె వంతు. తనెవరో తనకే తెలియని మనిషి, తెలిసిన రోజున భర్తకు చెప్పాలా వద్దా అని తల్లడిల్లే మనిషి. ముసుగు ఇటు నుంచి అటు మారేది. పీటర్ ఆమె సాకులు వింటూ, తన సాకుల రుచి తాను చూసేవాడు. ఆ తరువాత 59, 60 యథాతథంగా ఉంచినా సరిపోయేది, ఒక్క సన్నివేశం మార్చనక్కర్లేదు.

ఇంకో మాట. ఆ క్లోన్ తనను మేరీ జేన్ అనే నమ్మింది. పీటర్‌ను ప్రేమించింది, పెళ్ళి చేసుకుంది. ఆమె పోయాక కథ దృష్టంతా "అసలు" మేరీ జేన్‌ను ఎలా తేవాలి అన్నదాని మీదికి దూకుతుంది. పీటర్ నిజంగా తాళి లాంటి బంధం కట్టుకున్నది ఈమెతో కదా? ఈమె కోసం దుఃఖించేది ఎవరు? 61లో స్పైడర్‌మ్యాన్‌కు దారి చూపే మాంత్రికురాలు మేడమ్ వెబ్ వచ్చి అతన్ని 'సీక్రెట్ వార్స్'కు తీసుకుపోతుంది. కామిక్స్‌లో 12 సంచికల కథ ఇక్కడ మూడు ఎపిసోడ్లు, కెప్టెన్ అమెరికా, ఐరన్ మ్యాన్, ఫెంటాస్టిక్ ఫోర్, స్టార్మ్, బ్లాక్ క్యాట్, బల్లి రూపపు లిజర్డ్ ఒంట్లో శాస్త్రవేత్త కానర్స్ బుర్ర. జట్టుకు నాయకుడు స్పైడర్‌మ్యాన్. భార్య కళ్ళ ముందు ఆవిరైన మనిషిని మర్నాడు సేనానిగా నిలబెట్టారు. ఆ బాధ అతని నాయకత్వాన్ని చెడగొట్టే ఒక్క తప్పుడు నిర్ణయం చూపించి ఉంటే, ఈ మూడు ఎపిసోడ్లకు వెన్నెముక వచ్చేది.

ఆఖరి రెండూ, 64, 65, 'స్పైడర్ వార్స్'. వేరు వేరు లోకాల స్పైడర్‌మ్యాన్లు ఒకచోట చేరడం ఇప్పుడు అలవాటైపోయింది కానీ, 1998 మొదట్లో శనివారం కార్టూన్‌లో అది మతిపోయే సంగతి. కవచం తొడిగిన కోటీశ్వరుడు, ఆరు చేతులవాడు, డాక్టర్ ఆక్టోపస్ చేతులవాడు, స్కార్లెట్ స్పైడర్, శక్తుల్లేని నటుడు. పిచ్చెక్కిన స్పైడర్-కార్నేజ్‌ను ఏ పోరాటమూ ఆపలేకపోతే, కవచధారి లోకంలో బతికే ఉన్న, పీటర్‌ను పెంచిన అంకుల్ బెన్ వచ్చి మాటలతో ఆపుతాడు. సీరియల్ మొత్తంలో ఇది ఉత్తమ పరిష్కారం అంటాను. అయితే అంకుల్ బెన్ ఎవరు? స్పైడర్‌మ్యాన్ పుట్టుక కథకు ఈ సీరియల్‌లో సొంత ఎపిసోడ్ లేదు, అక్కడక్కడా ఫ్లాష్‌బ్యాక్ ముక్కలే. బెన్ మీద మనకున్న ప్రేమ కామిక్స్ నుంచి తెచ్చుకున్నది. మొదటి సీజన్‌లో ఒక్క ఎపిసోడ్ ఆయనకు కేటాయించి ఉంటే ఆ ముగింపు సీరియల్ సొంత సంపాదన అయ్యేది. గ్వెన్ స్టేసీ కూడా కవచధారి లోకంలో కనిపిస్తుంది. కామిక్స్ చదివినవాడి గుండె ఆగుతుంది. మన పీటర్‌కు మాత్రం ఆమె ఎవరో కొత్తమ్మాయి, ఎందుకంటే తన లోకంలో ఆమెను అతను ఎన్నడూ కలవలేదు.

అన్నిటికంటే వింత, 64వ ఎపిసోడ్ పేరు. తెలుగులో చెప్పుకుంటే, క్లోన్లంటే నాకు నిజంగా, నిజంగా అసహ్యం అని అర్థం. నాలుగు ఎపిసోడ్ల కింద క్లోన్ భార్యను పోగొట్టుకున్న మనిషి, ఇప్పుడు తన రూపంలోనే ఉన్న, తాను క్లోనో కాదో తెలియక నలిగే స్కార్లెట్ స్పైడర్ పక్కన నిలబడ్డాడు. ఈ ఇద్దరూ ఒక మూల కూర్చుని మనస్ఫూర్తిగా మాట్లాడుకోవడానికి ఆ ఎపిసోడ్లలో చోటు లేకపోయింది. లోకాలన్నీ కూలిపోతుంటే ఎవరు కూర్చుంటారు, అంతే.

ఫెలీషియా గురించి కొంచెం. ఆమె మారిన బ్లాక్ క్యాట్‌కు, కెప్టెన్ అమెరికాను తయారుచేసిన సూపర్ సోల్జర్ సూత్రంతో పుట్టుక కల్పించడం, దాన్ని బాల్యంలో కంఠస్థం చేసిన తండ్రి ద్వారా తేవడం కామిక్స్‌కంటే గట్టి కథ. జెన్నిఫర్ హేల్ గొంతూ అదిరింది. కానీ నాలుగో సీజన్ మధ్యలోనే మోర్బియస్, బ్లేడ్‌లతో రక్తపిశాచుల వేటకు పంపేశారు. కారణం ఊహించడం కష్టం కాదు, మేరీ జేన్ తిరిగి రావాలి, ఒకే కథలో ఇద్దరికి చోటు లేదు. కింగ్‌పిన్‌దీ ఇలాంటిదే. దాదాపు ప్రతి విలన్ వెనకా అతనే ఉండడంతో భయం పలచబడింది, చివరికి అతనికి పూర్తి లెక్క తీరే సన్నివేశమూ లేదు.

65వ ఎపిసోడ్ చివర స్పైడర్‌మ్యాన్ శక్తుల్లేని నటుడి లోకంలో, అంటే మన లోకంలో, స్టాన్ లీని కలుస్తాడు. తరువాత మేడమ్ వెబ్ వచ్చి, మాట ఇచ్చినట్టే అసలు మేరీ జేన్‌ను వెతకడానికి అతన్ని తీసుకుపోతుంది. (మేడమ్ వెబ్ గొంతు స్టాన్ లీ భార్య జోన్ లీది, కాబట్టి ఆ ఎపిసోడ్‌లో భార్యాభర్తలిద్దరూ పీటర్‌ను దారిలో పెట్టారు.) దొరికిందా అన్నది చూపించలేదు. 1999లో 'స్పైడర్‌మ్యాన్ అన్‌లిమిటెడ్' మొదలైతే జవాబు అక్కడుంటుందని ఆశపడ్డారు. అది వేరే కథ, కౌంటర్ ఎర్త్ అనే మరో భూమికి పోయింది, 13 ఎపిసోడ్లకే, అదీ నడిమధ్యలో ఆగింది. 2024లో 'ఎక్స్-మెన్ 97' మొదటి సీజన్ చివరి ఎపిసోడ్లలో ఆ పాత బొమ్మల తీరులోనే పీటర్, మేరీ జేన్ ఒకరి పక్కన ఒకరు కొన్ని క్షణాలు కనిపించారు. 26 ఏళ్ళ తరువాత బాకీలో అసలు ముట్టింది, వడ్డీ అలాగే ఉంది. ఎలా దొరికింది, ఇన్నాళ్ళు ఆమె అక్కడ ఎలా గడిపింది, తన స్థానంలో ఇంకొకరు పీటర్‌కు భార్యగా ఉన్నారని తెలిసినప్పుడు ఏమంది, ఇవన్నీ అలాగే ఉన్నాయి.

మళ్ళీ చూడాలనుకునేవాళ్ళకు మేరీ జేన్ దారి ఇది: 16 హైడ్రోమ్యాన్, 39, 40, 41 వరుసగా, 49 'రిటర్న్ ఆఫ్ ది గ్రీన్ గాబ్లిన్', 50 'హాంటింగ్ ఆఫ్ మేరీ జేన్ వాట్సన్', 53 పెళ్ళి, ఆ వెంటనే 59, 60. మధ్యలోని ఐదింటినీ దాటేయండి, వాటిని వేరే రోజు ఒక సినిమాలా ఒకే బిగువున చూడండి, అలాగైతేనే వాటికీ న్యాయం. 60 తరువాత 'సీక్రెట్ వార్స్' వెంటనే పెట్టకండి, 64కు వెళ్ళండి. స్కార్లెట్ స్పైడర్ తనెవరో తెలియక తడబడే మాటలు, కరిగిపోయిన ఆమె ఇంకా మనసులో ఉండగానే వింటే, రచయితలు రాయకుండా వదిలేసిన సన్నివేశం సగం మీకు మీరే అల్లుకుంటారు.